సర్ అక్బర్ హైదరీ

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపూరు, రాయదుర్గము, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ అను పల్లెలు ఒకప్పుడు ఊరికి దూరముగా నుండెడివి. గుండ్రని బండరాళ్ళు, సీతాఫలపు పొదలు, నడుమ నడుమ చెరువులు మాత్రమే అచట కానవచ్చెడివి. 1998వ సంవత్సరమున మాదాపూరునందు సైబర్ టవర్స్ అను భవనము వెలసినది మొదలు ఆ ప్రదేశపు రూపు మారిపోయెను. నేడు దానిని హైటెక్ సిటీ యని పిలుచుచున్నారు. వేలకొలది యువతీయువకులు ప్రతిదినము బస్సులలోను మెట్రో రైళ్ళలోను అచటికి పోయి కంప్యూటర్ల ముందు కూర్చుండి పని చేయుచున్నారు.

ఆ వీధులలో తిరుగు ప్రభుత్వపు బస్సునకు ఒక పూర్వచరిత్ర కలదు. 1932వ సంవత్సరము జూన్ నెలలో నిజాము రాజ్యపు రైల్వేవారు 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను ఒక రోడ్డు రవాణాశాఖను ప్రారంభించిరి. నేటి రోడ్డు రవాణా సంస్థకు అదియే మూలము. ఆ రైల్వే రాజ్యమునకు స్వంతమై అప్పటికి రెండు సంవత్సరములు మాత్రమే గడచెను. అంతకు ముందు అది ఇంగ్లండునందలి వాటాదారుల సొత్తు. పరుల చేతిలోనున్న ఆ ఆస్తిని వెల యిచ్చి కొని రాజ్యమునకు సమకూర్చిన ఆర్థికమంత్రి సర్ అక్బర్ హైదరీ. రాజ్యపు ధనమును ఎట్లు కూడబెట్టవలెనో, ఎట్లు వెచ్చింపవలెనో ఎరిగిన వాడాయన. అయినను ఆయన చేతికి అందని దొకటి యుండెను. అదేమో ఆయన జీవితమే మనకు చెప్పును.

మహమ్మద్ అక్బర్ నజరలీ హైదరీ 1869వ సంవత్సరము నవంబరు 8వ తేదీన జన్మించెను. ఆయనది బొంబాయిలో వ్యాపారము చేయు బోహ్రా కుటుంబము. లెక్క తప్పినచో వ్యాపారము నిలువదని ఎరిగిన ఇంట పెరుగుటచే గాబోలు, ఆయనకు చిన్ననాటి నుండియు అంకెలయందు శ్రద్ధ మెండు. బొంబాయి సెయింట్ జేవియర్ కళాశాలలో చదివి చిన్నవయసుననే పట్టభద్రుడయ్యెను. 1888వ సంవత్సరమున భారత ప్రభుత్వపు ఆర్థికశాఖలో ఉద్యోగమున ప్రవేశించెను. పలు రాష్ట్రములలో పనిచేసి, ప్రభుత్వపు పద్దులు వ్రాయుటలోను వానిని తనిఖీ చేయుటలోను గొప్ప నైపుణ్యము సంపాదించెను. ఆయన భార్య అమీనాబేగము ప్రసిద్ధమైన త్యాబ్జీ కుటుంబపు ఆడపడుచు. 1887వ సంవత్సరమున కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన బద్రుద్దీన్ త్యాబ్జీ ఆ కుటుంబమువాడే.

1905వ సంవత్సరమున హైదరీ హైదరాబాదు రాజ్యమునకు అకౌంటెంట్ జనరలుగా వచ్చెను. ఆనాటి హైదరాబాదు రాజ్యము సుమారు 82,000 చదరపు మైళ్ళ వైశాల్యము కలది. తెలంగాణమేగాక మరాఠ్వాడా, కన్నడ జిల్లాలును అందుండెను. ఆ రాజ్యమునకు స్వంత నాణెము, స్వంత తపాలా, సరిహద్దులలో సరకులపై సుంకము వసూలు చేయు కరోడ్‌గిరీ శాఖ యుండెను. ఇంత పెద్ద రాజ్యపు ఆదాయవ్యయములు చూచుట సామాన్యమైన పని గాదు. హైదరీ సామర్థ్యమును గుర్తించి ప్రభుత్వము ఆయనను కొలదికాలములోనే ఆర్థికశాఖా కార్యదర్శిగా నియమించెను.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచివేసెను. వేలకొలది ప్రజలు మరణించిరి. ఇండ్లు కూలి నిలువ నీడలేని వారికి అన్నవస్త్రములు సమకూర్చుటలో అమీనాబేగము రేయింబవళ్ళు శ్రమించెను. అట్టి ఉపద్రవము మరల రాకుండుటకై మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై మూసీనదిపై ఉస్మాన్‌సాగరము, దాని ఉపనదియగు ఈసీపై హిమాయత్‌సాగరము నిర్మింపబడెను. గండిపేట చెరువని మనము పిలుచు ఉస్మాన్‌సాగరము నేటి హైటెక్ సిటీ ప్రాంతమునకు దాపుననే కలదు. రాజ్యపు ఖజానాలో నిలువ యుండిననే గాని ఇట్టి పనులు కొనసాగవు. ఆపద చెప్పి రాదు గనుక అందుకు తగిన ధనము ముందుగనే దాచియుంచవలెనని ఆ వరద రాజ్యమునకు నేర్పిన పాఠము.

1911వ సంవత్సరమున హైదరీ హోంశాఖకు కార్యదర్శి యయ్యెను. విద్యావిషయములును ఆ శాఖకే చెందియుండెను. మాతృదేశపు భాషలో ఉన్నతవిద్య నేర్పవలెనని, పరభాషలో చదువుటచే విద్యార్థి శక్తి సగము వ్యర్థమగుచున్నదని ఆయన తలంచెను. ఆ ఉద్దేశముతో ఆయన సమర్పించిన విజ్ఞప్తిని ఏడవ నిజామగు మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆమోదించి, 1917వ సంవత్సరమున ఉత్తరువు చేసెను. మరుసటి సంవత్సరమున ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. గణితము, రసాయనము, వైద్యము మున్నగు శాస్త్రములనన్నింటిని ఉర్దూలోనికి అనువదించుటకు ఒక అనువాదశాఖ నెలకొల్పబడెను. భారతీయ భాషను బోధనభాషగా గైకొన్న మొదటి విశ్వవిద్యాలయ మదియే. కాని రాజ్యములోని ప్రజలలో దాదాపు సగముమంది మాటలాడు భాష తెలుగు. వారి బిడ్డలకు ఉర్దూ ఇంటిభాష కాదు. దేశభాషలో చదువు అను గొప్ప ఆశయము తెలుగు పల్లెల గుమ్మము వరకు రాలేకపోయెను. ఈ లోపమును గూర్చి తెలంగాణపు పెద్దలు తరువాతి కాలమున గట్టిగా వాదించిరి.

కొంతకాలము బొంబాయిలో పనిచేసిన పిదప, 1921వ సంవత్సరమున హైదరీ మరల హైదరాబాదునకు వచ్చెను. ఈసారి ఆయన నిజాము కార్యనిర్వాహక సభలో ఆర్థిక, రైల్వే శాఖలకు మంత్రి. ఆ పదవిలో ఆయన పదునారు సంవత్సరము లుండెను. ఆయన కీర్తికి ఈ కాలమే ఆధారము.

అప్పటివరకు ప్రతి ప్రభుత్వశాఖయు ఏటికేడు ఆర్థికశాఖను ఆశ్రయించి సొమ్ము తెచ్చుకొనుచుండెను. సంవత్సరాంతమున మిగిలిన సొమ్ము వెనుకకు పోవును. అందుచే సంవత్సరపు తుదిలో అవసరమున్నను లేకున్నను ఖర్చు చేయుట ఆచారమయ్యెను. పంటలు పండని ఏడు వచ్చినచో, సగము కట్టిన వంతెన సగములోనే ఆగిపోవుచుండెను. ఒక గృహస్థు తన కుమారునకు దినమునకింత యని చేతిఖర్చు నిచ్చుచు, మిగిలిన దానిని రాత్రికి తిరిగి తీసికొనుచుండెనని తలంచుడు. ఆ బాలుడు పొదుపు చేయుట ఎన్నటికి నేర్చుకొనును? హైదరీ ఈ పద్ధతిని మార్చెను. ఒక్కొక్క శాఖకు మూడేండ్లకు సరిపడు మొత్తమును ముందుగనే నిర్ణయించెను. ఆ మొత్తములో మిగిల్చినది ఆ శాఖకే చెందును; మించి ఖర్చు చేసినచో ఆ శాఖయే సర్దుకొనవలెను. దీనివలన పాఠశాలలు, ఆసుపత్రులు, రోడ్లు, చెరువులు మున్నగు దీర్ఘకాలపు పనులకు స్థిరత్వము కలిగెను. అధికారులకు బాధ్యత తెలియవచ్చెను.

మంచి సంవత్సరములలోని మిగులును ఆయన ఊరక ఖజానాలో పడియుండనీయలేదు. కరవు వచ్చినప్పుడు వాడుటకొక నిధి, అప్పులు తీర్చుట కొక నిధి, నాణెపు విలువ నిలుపుట కొక నిధి, ఇట్లు వేరు వేరుగా నిధులను ఏర్పరచెను. 1929వ సంవత్సరమున పరిశ్రమల ప్రోత్సాహమునకై ఒక ప్రత్యేకనిధి స్థాపింపబడెను. దానిలోని సొమ్ముతో ప్రభుత్వము క్రొత్త కర్మాగారములలో వాటాలు కొని, వాటికి అప్పులిచ్చి నిలబెట్టుచుండెను. రైతు గాదె నింపినప్పుడు విత్తనములకు కొంత, తిండికి కొంత, కరవుకాలమునకు కొంత విడివిడిగా తీసిపెట్టును గదా! హైదరీ రాజ్యమునకు చేసినదియు అదియే.

ఇక రైల్వే సంగతి. 1874వ సంవత్సరమున వాడీ నుండి సికింద్రాబాదు వరకు మొదటి రైలుమార్గము వచ్చెను. 1883వ సంవత్సరమున ఆ మార్గమును వరంగల్లు మీదుగా పొడిగించుటకు ఒక ఇంగ్లీషు కంపెనీతో ఒప్పందము జరుగబోయెను. కంపెనీవారి పెట్టుబడికి వడ్డీ హామీ ఇచ్చునది నిజాము ప్రభుత్వము. లాభము వచ్చినచో కంపెనీది, లోటు వచ్చినచో రాజ్యపు ప్రజలది. ఈ షరతులను బహిరంగముగా ప్రకటింపవలెననియు, ప్రజలకు చర్చించు అవకాశమీయవలెననియు నగరమున కొందరు విద్యావంతులు కోరిరి. వారిలో ముఖ్యులు హైదరాబాదు కళాశాలాధ్యక్షుడగు అఘోరనాథ ఛటోపాధ్యాయుడు, ముల్లా అబ్దుల్ ఖయ్యూము. అఘోరనాథుడు సరోజినీదేవి తండ్రి. ప్రభుత్వము ఆయనను ఉద్యోగమునుండి తొలగించి రాజ్యమునుండి పంపివేసెను. ఖయ్యూమునకును అదే గతి పట్టెను. చాందా రైల్వే వ్యవహారమని చరిత్రలో పేరొందినది ఇదియే. ప్రజాధనమును గూర్చి ప్రశ్నించినవారికి లభించిన సమాధానము దేశబహిష్కారము!

ఒప్పందము నెరవేరెను. 1889వ సంవత్సరమునకు రైలు బెజవాడ చేరెను. వ్యాపారము పెరిగెను. కాని రైల్వే పాలకవర్గము కూర్చుండునది లండనునందు. లాభము పోవునదియు అచటికే. హైదరీ దీనిని నిశితముగా పరిశీలించెను. ఒకేసారి అంత పెద్ద మొత్తము చెల్లించుట రాజ్యమునకు భారమే. కాని ఇతరుల చేతిలో నున్న బండిపై ఎన్నాళ్ళు ప్రయాణము చేసినను కిరాయి చెల్లుచునే యుండును. బండి మాత్రము మనది కాదు. అందుచే ఆయన ఏండ్ల తరబడి నిధులు కూడబెట్టి, 1930వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన రైల్వేను కంపెనీ నుండి కొని ప్రభుత్వపరము గావించెను. నాటినుండి రైల్వే లాభము రాజ్యపు ఆదాయములో చేరెను. ఏ మార్గము ముందు వేయవలెనను నిర్ణయమును హైదరాబాదుననే జరుగసాగెను. రెండేండ్లకు బస్సులు బయలుదేరెను. అఘోరనాథుడు లేవనెత్తిన ప్రశ్నకు నలువదియేడు సంవత్సరములకు ఇట్లు సగము జవాబు దొరకెను.

ఆ కాలముననే మంజీరానదిపై నిజాంసాగరము నిర్మింపబడెను. ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు పర్యవేక్షణమున 1923వ సంవత్సరమున ఆరంభమై 1931వ సంవత్సరమున ఆ పని ముగిసెను. రమారమి 2,75,000 ఎకరములకు నీరందించుటకు దానిని తలపెట్టిరి. నీరు వచ్చుటచే నిజామాబాదు జిల్లాలో చెరకుతోటలు పెరిగెను. చెరకు పెరుగుటచే బోధనునందు పంచదార కర్మాగారము వెలసెను. వరంగల్లున ఆజంజాహీ బట్టల మిల్లు, సిర్పూరున కాగితపు మిల్లు ఆ దశాబ్దముననే స్థాపింపబడినవి. ఖజానాలో పొదుపు చేసిన రూపాయి ఆనకట్టయై, ఆనకట్ట పంటయై, పంట కర్మాగారమైన విధమిది. ఆ కర్మాగారములలో కొన్ని నేడు మూతబడినను, వాటివలన తెలంగాణమున మొదటితరము యంత్రకార్మికులు తయారైరి.

హైదరీకి అంకెలు తప్ప వేరేమియు తెలియదనుకొనరాదు. అజంతా గుహల చిత్రములు శిథిలమగుచుండగా వాటిని కాపాడిన పురావస్తుశాఖ 1914వ సంవత్సరమున ఆయన కార్యదర్శిగా నుండిన కాలముననే ఏర్పడెను. ఆయనకు శ్రీ అరవిందుల యెడ భక్తి యుండెను. ఆయన ప్రోద్బలముచే నిజాము ప్రభుత్వమిచ్చిన విరాళముతో పుదుచ్చేరి ఆశ్రమమున ఒక వసతిగృహము నిర్మించి, దానికి గోల్కొండ యను పేరు పెట్టిరి.

1928వ సంవత్సరమున బ్రిటిష్ ప్రభుత్వము ఆయనకు సర్ బిరుదు నొసగెను. నిజాము ఇచ్చిన బిరుదు నవాబు హైదర్ నవాజ్ జంగు. 1930వ సంవత్సరమున లండనునందు జరిగిన రౌండ్‌టేబిలు సమావేశమునకు ఆయన హైదరాబాదు ప్రతినిధివర్గమునకు నాయకుడై వెళ్ళెను. బ్రిటిషు రాష్ట్రములును స్వదేశ సంస్థానములును కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడినచో పన్నులు ఎవరికి చెందును? సరిహద్దు సుంకములు ఉండవలెనా, పోవలెనా? నాణెము ఒకటియా, పెక్కులా? ఇట్టి చిక్కు ప్రశ్నలపై ఆయన వాదించెను. సమాఖ్య మంచిదని ఆయన అంగీకరించెను; కాని హైదరాబాదు తన నాణెమును, తపాలాను, రైల్వేను, సుంకములను వదలుకొనదని పట్టుబట్టెను. తుదకు 1939వ సంవత్సరమున యుద్ధము రాగా సమాఖ్య ప్రయత్నము ఆగిపోయెను.

లండనునందు అందరి యెదుట ఆర్థిక విషయములను చర్చించిన ఈ మంత్రికి, స్వంత రాజ్యమున తన బడ్జెట్టును ప్రశ్నించు ప్రజాసభ లేకుండెను. బడ్జెట్టు సిద్ధమగును, నిజాము ఆమోదించును, అంతే. పైగా రాజ్యపు భూమిలో సుమారు నూటికి అరువది పాళ్ళు మాత్రమే ప్రభుత్వపు భూమి. తక్కినది జాగీరుదారులది, నిజాము స్వంత ఖర్చులకైన సర్ఫెఖాసుది. ఆ భూములపై ఆర్థికమంత్రి చెప్పిన క్రమము సాగదు. నేటి హైటెక్ సిటీ పరిసరమున రాయదుర్గ పాయిగా, రాయదుర్గ నవ్‌ఖాల్సా అను గ్రామనామములు ఇంకను భూమి పత్రములలో కానవచ్చుచున్నవి. పాయిగా యనగా పాయిగా వంశపు అమీరులకిచ్చిన భూమి. ఖాల్సా యనగా ప్రభుత్వపు భూమి. ఒకే ఊరిలో ఒక గట్టు కీవల నొక న్యాయము, ఆవల నొక న్యాయము! ఖజానా నిండుచుండగనే తెలంగాణపు పల్లెలలో పేదలు దొరల యింట కూలి లేని వెట్టిచాకిరి చేయుచుండిరి.

ఈ బాధలను చెప్పుటకు తెలుగువారు పూనుకొనిరి. సురవరం ప్రతాపరెడ్డి 1926వ సంవత్సరమున గోలకొండ పత్రికను స్థాపించెను. 1930వ సంవత్సరమున జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ ఆయన అధ్యక్షతన జరిగెను. వెట్టి పోవలెననియు, తల్లిభాషలో చదువు కావలెననియు సభలు కోరెను. కాని గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు ప్రకారము ప్రభుత్వపు అనుమతి లేనిదే సభ జరుపరాదు. ప్రజాధనపు లెక్కలు చక్కగా వ్రాయుచున్న ప్రభుత్వమే ప్రజల నోటికి తాళము వేయుచుండెను.

1937వ సంవత్సరమున హైదరీ ప్రధానమంత్రి యయ్యెను. మరుసటి యేడు రాష్ట్ర కాంగ్రెసును అది పుట్టకముందే ప్రభుత్వము నిషేధించెను. సత్యాగ్రహులు చెరసాలల పాలైరి. ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలో వందేమాతర గీతము పాడిన విద్యార్థులు బహిష్కృతులైరి. వారిలో పెక్కుమంది నాగపూరు పోయి చదువు కొనసాగించిరి. అట్లు పోయినవారిలో ఒకడగు పి.వి. నరసింహారావు తరువాత భారత ప్రధాని యయ్యెను. తాను కోరి నాటిన విద్యావృక్షపు నీడనుండి విద్యార్థులు వెళ్ళగొట్టబడుట హైదరీ పాలనలోనే జరిగెను. 1939వ సంవత్సరమున ఆయన ప్రభుత్వము ఒక శాసనసభ నేర్పరచు సంస్కరణలను ప్రకటించెను. అవి ప్రజల కోరికకు చాలకుండుటయేగాక, వెంటనే అమలునకును రాలేదు.

1941వ సంవత్సరమున హైదరాబాదు స్టేట్ బ్యాంకు చట్టము వెలువడెను. రాజ్యపు నాణెమును, ప్రభుత్వపు ధనమును చూచుకొనుటకు స్వంత బ్యాంకు ఏర్పడుట ఆయన ఆర్థిక పాలనకు కలశము వంటిది. ఆ యేడే ఆయన హైదరాబాదును వదలి, వైస్రాయి కార్యనిర్వాహక సభలో సభ్యుడై ఢిల్లీ వెళ్ళెను. 1942వ సంవత్సరము జనవరిలో అచటనే మరణించెను. బ్యాంకు తలుపులు తెరచినది ఆ యేడు ఏప్రిలులో. దానిని చూచు భాగ్యము ఆయనకు లేకపోయెను. ఆ బ్యాంకు డెబ్బదియైదేండ్లు పనిచేసి 2017వ సంవత్సరమున భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయెను.

1948వ సంవత్సరమున హైదరాబాదు భారతదేశములో చేరెను. జాగీరులు రద్దయ్యెను. 1952వ సంవత్సరమున ప్రజలు ఓటువేసి ఎన్నుకొన్న శాసనసభ కూడెను. బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి యయ్యెను. నాటినుండి ఆర్థికమంత్రి తన బడ్జెట్టును ప్రజాప్రతినిధుల ముందుంచి, ప్రతి పద్దునకును జవాబు చెప్పవలసి వచ్చెను. అఘోరనాథుడు 1883వ సంవత్సరమున కోరినది అదియే. ఆయన ప్రశ్నకు తక్కిన సగము జవాబు అట్లు లభించెను.

హైదరీ మేధావి, కార్యదక్షుడు, దూరదృష్టి గలవాడు. రాజ్యధనమును పొదుపు చేయుట, దానిని నీరుగా, చదువుగా, రైలుబండిగా మార్చుట ఆయన మనకు చూపిన మార్గము. అయినను ఇంటి పెద్ద ఎంత నేర్పరి యైనను, లెక్క అడుగుటకు ఇంటివారికి హక్కు లేనిచో ఆ సంసారము నిశ్చింతగా సాగదు. హైటెక్ సిటీకి పోవు బస్సు ఎక్కునప్పుడు ఈ ఇద్దరిని మనము తలంచుకొనవలెను. ఒకడు ప్రజల సొత్తును ప్రజలకు కొనిపెట్టిన మంత్రి. రెండవవాడు దాని వెల యెంతయని ముందుగా అడిగి, ఆ అడుగుటకే దేశము వదలిపోయిన ఉపాధ్యాయుడు.